వెలతక్కువ వ్యోమయాన చిత్రములు : మూలము, ప్రక్షిప్తము

క్రీ.శ. 2000 తరువాతి దశాబ్దమున అమెరికాలో ఒక విధమైన డి.వి.డి. పెట్టెలు విరివిగా అమ్ముడుపోయినవి. పెట్టెకు 12 డిస్కులు. వాని రెండు ప్రక్కలను కలిపి 50 చలనచిత్రములు. మిల్ క్రీక్ సంస్థవారు వెలయించిన వైజ్ఞానిక కల్పనా చిత్రముల పెట్టె వీనిలో ప్రసిద్ధమైనది. చిత్రమొక్కంటికి లెక్కకట్టినచో ఒక డాలరు కూడ పడదు. ఇట్టి పెట్టెను కొని, అందలి చిత్రములను వరుస తప్పక చూచి, ఒక్కొక్కదానిపై సమీక్ష వ్రాయుట పలువురకు ప్రీతిపాత్రమగు వ్యాసంగమైనది. ఆ సమీక్షలలో హాస్యము పాలు హెచ్చు, విచారణ పాలు తక్కువ. పెదవుల కదలికకును మాటకును పొత్తు కుదరలేదనియు, ఒక దృశ్యమున కనిపించు ప్రధానపాత్ర తక్కిన పాత్రలను ఒక్కమారైనను కలిసికొనదనియు, కథ నడుమ సంబంధము లేని రాక్షసజంతువులు ప్రవేశించుననియు సమీక్షకులు ఎత్తిచూపుదురు. ఎత్తిచూపిన దోషములు నిజమైనవే. అవి యెవ్వరి దోషములన్న ప్రశ్నను వేసినవారు అరుదు. ఈ వ్యాసమున మేము విచారింపదలచినది ఆ ప్రశ్ననే.

చిత్రములింత చౌకగా లభించుటకు గల కారణములలో ముఖ్యమైనది అమెరికా గ్రంథస్వామ్య చట్టమునందున్నది. 1909 నాటి చట్టము ప్రకారము స్వామ్యము మొదట 28 సంవత్సరములు. గడువు ముగియు సంవత్సరమున దరఖాస్తు పెట్టుకొన్నచో మరల పొడిగింపు. పెద్ద సంస్థలు మరవక పొడిగించుకొన్నవి. చిన్న నిర్మాతలలో కొందరు వ్యాపారము విరమించిరి, కొందరు మరణించిరి, కొందరికి తాము తీసిన చిత్రముపై మమకారమే లేకపోయెను. 1992 నాటి సవరణచే 1964 మొదలుకొని వెలువడిన వానికి పొడిగింపు దానంతట అదియే లభించినది గాని, అంతకు పూర్వపువి యెన్నియో అప్పటికే సర్వజనుల సొత్తైపోయినవి. స్వామ్యప్రకటనను చిత్రముపై ముద్రింప మరచుటవలన హక్కు పోయినవియు కలవు. 1968లో వెలువడిన ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ చిత్రమునకు పేరు మార్చినపుడు ఆ ప్రకటన జారిపోయినది. దానితో హక్కును జారిపోయినది.

మేము ప్రస్తావింపబోవు చిత్రములకు మాత్రము చౌకదనము రెండుమారులు పట్టినది. డిస్కుల కాలమున పట్టినది రెండవది. మొదటిది 1960 ప్రాంతమున పట్టినది. రోజర్ కోర్మన్ (1926-2024) అను అమెరికా నిర్మాత, అల్పవ్యయముతో అల్పకాలమున చిత్రములు తీయుటలో ప్రసిద్ధికెక్కినవాడు, ఆ కాలమున సోవియట్ దేశపు వ్యోమయాన చిత్రముల అమెరికా హక్కులను చౌకగా కొనెను. వానియందలి రాకెట్టులు, గ్రహతలములు, వ్యోమకేంద్రములు సోవియట్ స్టూడియోలు సంవత్సరములు శ్రమించి నిర్మించినవి. అట్టివానిని తన సొమ్ముతో నిర్మింపవలెనన్న కోర్మన్‌కు శక్యము కాదు. కనుక వాని బొమ్మను ఉంచి, మాటను మార్చి, అక్కడక్కడ క్రొత్త దృశ్యములను చేర్చి, అమెరికా చిత్రములుగా విడుదల చేయించెను.

మాట మార్చుట మాత్రమే యైనచో తెలుగువారు ఆశ్చర్యపడవలసిన పనిలేదు. హిందీ చిత్రము ‘నీరా ఔర్ నందా’ 1950లో శ్రీశ్రీ రచనతో ‘ఆహుతి’గా తెలుగున వెలువడినది మొదలు, ఒకరి పెదవులపై ఇంకొకరి మాటను నిలుపు విద్య మనకు పరిచితమే. కాని డబ్బింగు వేరు, ప్రక్షేపము వేరు. డబ్బింగున కథ కథగానే యుండును. ప్రక్షేపమున క్రొత్తచేయి ప్రవేశించును, పాతచేయి దాగిపోవును. ప్రతులను పోల్చి పాఠమును నిర్ణయించుట మన శాఖవారికి నిత్యకృత్యము. సి.పి. బ్రౌను వేమన పద్యములను 1829లో అచ్చొత్తించుటకు ముందు ఎన్నియో తాళపత్ర ప్రతులను సేకరించి, వేమనవి ఏవి, పరులవి ఏవి యని తర్కింపవలసివచ్చెను. చలనచిత్రమునకును అట్టి పరిష్కర్త అవసరము కలదని నిరూపించుటకు కోర్మన్ కొన్న చిత్రములకంటె మంచి యుదాహరణము మాకు దొరకలేదు.

వీనిలో మొదటిది ‘నెబో జవ్యోత్’. పిలుచుచున్న ఆకాశమని దాని యర్థము. కీవ్ నగరమందలి దొవ్‌జెంకో స్టూడియోలో మిఖయిల్ కర్యుకోవ్, అలెక్సాండర్ కొజీర్ అనువారు దర్శకత్వము వహింపగా 1959లో వెలువడినది. వ్యోమకేంద్రమునుండి అంగారకునకు బయలుదేరుటకు సోవియట్ నౌక సిద్ధమగుచుండును. అచ్చటికి అతిథులుగా వచ్చిన అమెరికనులు ఆ సంగతి యెరిగి, తామే ముందు చేరవలెనన్న యాతురతతో సిద్ధపడకయే బయలుదేరి, దారి తప్పి సూర్యుని వైపు కొట్టుకొనిపోవుదురు. సోవియట్ నౌక తన యాత్రను మానుకొని వారిని రక్షించును. రక్షించుటలో ఇంధనము తరిగి, ఇకారస్ అను గ్రహశకలముపై దిగవలసివచ్చును. చేరలేకపోయిన అంగారకుడు అచ్చటి ఆకాశమున ఎర్రగా వ్రేలాడుచుండ, వ్యోమగాములు నిలిచి చూచుచుందురు. చిత్రమంతయు ఆ చూపులోనే యున్నదని మా యభిప్రాయము. ఇందు ప్రచారధోరణి లేకపోలేదు. అమెరికను ధనవ్యామోహమును, సోవియట్ ఔదార్యమును నలుపు తెలుపుగా పంచియిచ్చిరి. ఐనను, గెలుపును వదలుకొని ఎదుటివాని ప్రాణమును కాపాడుటయే ఈ కథకు మూలాధారము.

కోర్మన్ ఈ చిత్రమును అప్పటికి విశ్వవిద్యాలయ విద్యార్థిగా నున్న ఫ్రాన్సిస్ ఫోర్డ్ కపోలా చేతికిచ్చెను. 1962లో వెలువడిన ‘బ్యాటిల్ బియాండ్ ది సన్’ అతని కూర్పు. సోవియట్, అమెరికా అను పేర్లు తొలగి, అణుయుద్ధానంతరము మిగిలిన ఉత్తరార్ధగోళ, దక్షిణార్ధగోళ రాజ్యములు వచ్చినవి. దర్శకస్థానమున థామస్ కోల్చార్ట్ అను కల్పితనామము నిలిచినది. నటులకును ఆంగ్లనామములు లభించినవి. అంతకంటె మిక్కిలి ప్రసిద్ధమైనది రెండు వికృతజంతువుల పోరాటము. వాని యాకారములు అశ్లీలమును స్ఫురింపజేయునవి. వానిని గూర్చి ఇంతకంటె వ్రాయుట ఈ పత్రికకు తగదు. నిశ్శబ్దముగా ఆకాశమును చూచుచున్న మనుష్యుల కథలో రబ్బరు జంతువుల కొట్లాట చొచ్చినది. సమీక్షకులు నవ్వునది దానిని చూచియే. పదేండ్ల పిమ్మట, 1972లో, ‘ది గాడ్‌ఫాదర్’ తీసిన దర్శకుని తొలినాటి కూలిపని యని ఆ దృశ్యమునకిపుడొక గౌరవము కూడ లభించుచున్నది. కర్యుకోవ్, కొజీరుల పేర్లు ఎత్తువారు మాత్రము అరుదు.

కర్యుకోవ్‌కు ఈ యవస్థ ఒక్కమారుతో తీరలేదు. అతడు ఓతర్ కొబెరీద్జేతో కలిసి ఒడెస్సా స్టూడియోలో తీసిన ‘మెచ్తే నవ్‌స్త్రేచు’ (1963) చిత్రమున భూమినుండి వినవచ్చిన ఒక పాట పరగ్రహవాసులను స్నేహమునకై ఆకర్షించును. దాని దృశ్యములను తీసికొని కర్టిస్ హారింగ్టన్ 1966లో ‘క్వీన్ ఆఫ్ బ్లడ్’ నిర్మించెను. అందు పరగ్రహమునుండి వచ్చినది నెత్తురు త్రాగు ఆకుపచ్చని స్త్రీ. హారింగ్టన్ సమర్థుడు, ఆ స్త్రీ పాత్ర ధరించిన ఫ్లోరెన్స్ మార్లీ మాటలాడకయే భయము పుట్టించినది. చిత్రముగా ఇది తక్కిన కూర్పులకంటె మేలైనది. కాని పాటకు బదులుగా నెత్తురును నిలుపుట పాఠభేదమనిపించుకొనదు, అర్థవిపర్యయమే యగును.

ఇక ముఖ్యమైన యుదాహరణమునకు వత్తుము. పావెల్ క్లుషాంత్సెవ్ 1910లో సెయింట్ పీటర్స్‌బర్గున జన్మించెను. లెనిన్‌గ్రాడ్‌లోని విజ్ఞానచిత్రముల స్టూడియోలో పనిచేయుచు, తన దృశ్యమాయలను తానే కల్పించుకొనినవాడు. అతని ‘రోడ్ టు ది స్టార్స్’ (1957) తొలి స్పుత్నిక్ ఎగిరిన యేటనే వెలువడినది. భారరహితస్థితిని, తిరుగుచున్న వ్యోమకేంద్రమును అందు చూపిన తీరు పదునొకండేండ్ల తరువాతి ‘2001’ చిత్రమును చూచినవారికి వెంటనే స్ఫురించును. 1962లో అతడు తీసిన ‘ప్లనేతా బూర్’ (తుఫానుల గ్రహము) అతని ఏకైక కథాచిత్రము. రచయిత అలెక్సాండర్ కజాంత్సెవ్.

కథ క్లుప్తముగా ఇది. శుక్రగ్రహమునకు బయలుదేరిన మూడు నౌకలలో ‘కపెల్లా’ ఉల్కాఘాతమున నశించును. తక్కిన రెండింటివారు దిగుటకు సాహసింతురు. మాషా అను స్త్రీ యొక్కతె మాత్రము కక్ష్యయందు నౌకలో నిలిచియుండవలెనని ఆజ్ఞ. క్రిందివారితో సంబంధము తెగిపోయినపుడు, ఆజ్ఞను పాటించుటయా, దిగి వారిని రక్షించుటయా యను సంకటము ఆమెది. క్రింద జాన్ అను యంత్రమానవుడు అమెరికను శాస్త్రజ్ఞుని, అతని సహచరుని భుజములపై మోయుచు లావాప్రవాహమును దాటుచుండును. వేడిమి మితిమీరగనే తన్ను తాను కాపాడుకొనుటకై వారిని విసరివేయ నిశ్చయించుకొనును. యంత్రమునకు ఆత్మరక్షణ, మనుష్యునకు పరరక్షణ: ఈ రెండు సంకటములను ఎదురెదురుగా నుంచుట రచయిత నేర్పు. గ్రహతలముపై ఎచ్చటనుండియో ఒక స్త్రీకంఠము పాడుచున్నట్లు వినవచ్చును. నీటి యడుగున మణినేత్రముగల సరీసృపవిగ్రహము దొరకును. చివరకు నౌక లేచు సమయమున, ఒక యువకుడు తాను ఏరుకొనిన రాయి పగులగా అందొక ముఖశిల్పమును కనుగొనును. నౌక వెడలిన పిదప నీటిలో ఒక మూర్తి నీడ కదలును. ఆ మూర్తిని మనము చూడము, నీడనే చూతుము.

కోర్మన్ ఈ చిత్రమును రెండుమారులు వాడుకొనెను. 1965 నాటి కూర్పు హారింగ్టన్‌ది: ‘వోయేజ్ టు ది ప్రీహిస్టారిక్ ప్లానెట్’. దానిపై తన పేరుంచుకొనుట కిష్టపడక హారింగ్టన్ జాన్ సెబాస్టియన్ అను మారుపేరు పెట్టుకొనెను. సంగీతకర్త బాహ్ పేరులోని మొదటి రెండు మాటలవి. మూలమును మేము దానితో ప్రక్కప్రక్కన నుంచి చూచితిమి. గ్రహతలముపై జరుగు కథ చాలవరకు క్లుషాంత్సెవ్‌దే. చేర్చినవి ముఖ్యముగా రెండు. చంద్రునిపైనున్న స్థావరమున బాసిల్ రాత్‌బోన్ ఆచార్యవేషమున కూర్చుండి రేడియోలో ఆజ్ఞలిచ్చుచుండును. మాషా తొలగింపబడి, ఆమె స్థానమున ఫెయిత్ డొమెర్గ్ మార్షాగా వచ్చినది. రాత్‌బోన్ దృశ్యములను ‘క్వీన్ ఆఫ్ బ్లడ్’ దృశ్యములతో కలిపి, అవే దుస్తులతో తీసిరి. ఒక్క నటుని ఒక్క పని రెండు చిత్రములకు చెల్లినది. రాత్‌బోన్ క్రింది వ్యోమగాములలో ఒక్కరినైనను కలిసికొనకపోవుటకు కారణమిదియే. అతడున్నది కాలిఫోర్నియాలో, వారున్నది మూడేండ్ల వెనుక, లెనిన్‌గ్రాడులో.

మాషా తొలగింపు మాకు మిక్కిలి కష్టము కలిగించినది. ఆమె సంకటము మార్షాకు సంక్రమించిన మాట నిజమే. కాని మాషా ముఖమును చూచి క్రిందివారు పలికిన మాటలకును, మార్షా ముఖమునకును నడుమ అతుకు కనబడుచునే యుండును. ప్రతిని గుర్తింపని సమీక్షకుడు దీనిని ‘నటన చాలదు’ అని వ్రాయును. నటన చాలక కాదు. ఎదుట నటుడు లేక.

వేరొక సంగతిని కూడ ఇచ్చట చెప్పవలెను. క్లుషాంత్సెవ్ చిత్రము 1962 వసంతమున విడుదలైనపుడు శుక్రుని మేఘముల క్రింద సముద్రములుండునన్న ఊహకు ఇంకను చోటుండెను. ఆ డిసెంబరులోనే మారినర్-2 శుక్రుని సమీపించి, ఆ గ్రహము మిక్కిలి వేడియైనదని తెలిపినది. 1970లో వెనెరా-7 అచ్చట దిగినపుడు దాదాపు 475 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమి తేలినది. కనుక మూలమున శాస్త్రసమ్మతమైన ఊహగా నున్న సముద్రము, 1965 నాటి కూర్పులో అప్పటికే తప్పైపోయిన సంగతి. ‘శాస్త్రమెరుగనివాడు తీసిన చిత్రము’ అను నింద క్లుషాంత్సెవ్‌కు తగలరాదు. తేదీని చెరిపివేసినవారికి తగులవలెను.

రెండవ కూర్పు 1968 నాటిది: ‘వోయేజ్ టు ది ప్లానెట్ ఆఫ్ ప్రీహిస్టారిక్ విమెన్’. కూర్చినవాడు పీటర్ బొగ్దానొవిచ్. చిత్రముపై నున్న పేరు డెరెక్ థామస్. ఇందు స్త్రీలను చేర్పవలెనన్నది అతనికి పైనుండి వచ్చిన కోరిక. అతడు మేమీ వాన్ డోరెన్ మొదలైన స్త్రీలను కాలిఫోర్నియా సముద్రతీరమునకు కొనిపోయి, గవ్వల కంచుకములు తొడిగించి, ఇసుకపైనను బండలపైనను కూర్చుండబెట్టి చిత్రీకరించెను. వారు పెదవి కదల్పరు, మనస్సుతోనే మాటలాడుకొందురు. ఇది శుక్రగ్రహవాసుల మహిమయని కథ చెప్పును. శబ్దగ్రహణపు ఖర్చు తప్పుట దానివలన నిర్మాతకు కలిగిన మహిమ. వ్యోమగాములును ఈ స్త్రీలును ఒక్క దృశ్యమునందైనను కలిసి కనబడరు. కనబడుట యసాధ్యము కదా.

సమీక్షకులందరును దీనిని అధమాధమమని తీర్మానించిరి. చిత్రముగా మేమును కాదనము. కాని వ్యాఖ్యానముగా చూచినచో మా తీర్పు కొంత వేరు. మూలమున నీటియడుగున దొరకిన సరీసృపవిగ్రహమును చూచి, దానిని పూజించినవారెవ్వరని బొగ్దానొవిచ్ ప్రశ్నించుకొనెను. వ్యోమగాములు చంపిన ఎగురు సరీసృపమును ఆ స్త్రీల దైవముగా చేసెను. దైవమును చంపినవారిపై వారు పగబూని తుఫానులను, అగ్నిపర్వతమును ప్రేరేపింతురు. పగ ఫలింపకపోగా పాతదైవమును త్రోసివేసి, లావాలో పడి మిగిలిన యంత్రమానవుని కళేబరమును క్రొత్తదైవముగా ప్రతిష్ఠింతురు. మూలమునందలి ఒక్కొక్క సూచనను పట్టుకొని పెంచిన కథ ఇది. అతడు మూలమును శ్రద్ధగా చదివినాడు. ఆ శ్రద్ధ హారింగ్టన్ కూర్పున మాకు కనబడలేదు. అతని అపరాధము వేరొకచోట నున్నది. క్లుషాంత్సెవ్ నీడగా మాత్రమే చూపిన స్త్రీని అతడు తీరమున కూర్చుండబెట్టెను. ఎచ్చటనుండియో వినవచ్చిన కంఠమునకు శరీరములనిచ్చెను. ధ్వనిని వాచ్యము చేయుట యనునది మన యాలంకారికులు క్షమింపని దోషము.

పరుల కృతిని పూరించుట మన వాఙ్మయమున నిషిద్ధము కాదు. అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన తన పేరును వెనుకకు నెట్టి, నన్నయ రచించినట్లుగనే రాజరాజనరేంద్రునకు అంకితముగా ముగించెను. పోతన భాగవతమున పూరించిన గంగన, సింగన, నారయల పేర్లు ఆయా స్కంధముల గద్యలలో నిలిచియున్నవి. ఒకచోట పూరించినవాడు మూలకర్తకై తాను దాగెను. ఇంకొకచోట ఇరువురును కనబడుచున్నారు. కోర్మన్ కూర్పులలో జరిగినది మూడవ విధము: మూలకర్తను చెరిపి, చెరిపినవాడును మారుపేరున దాగుట. ఇరువురిలో ఒక్కరును లేని గద్య అది. దీనికి రాజకీయకారణము లేకపోలేదు. ఆ సంవత్సరములలో సోవియట్ పేర్లు గల చిత్రమును అమెరికాలో అమ్ముట సులభము కాదు. మూలములందున్న అమెరికా వ్యతిరేకప్రచారమును తీసివేయక తప్పలేదని కోర్మన్ సమాధానము. ఆ సమాధానము ‘నెబో జవ్యోత్’ విషయమున కొంత చెల్లును. ‘ప్లనేతా బూర్’ విషయమున చెల్లదు. అందలి అమెరికను శాస్త్రజ్ఞుడు తక్కినవారివలెనే ధీరుడు.

సమీక్షకుల చరిత్రను కూడ కొంత చెప్పవలెను. 1980లో మెడ్వెడ్ సోదరులు ప్రకటించిన ‘ది గోల్డెన్ టర్కీ అవార్డ్స్’ చెడ్డ చిత్రములను వెదకి నవ్వుటను ఒక వేడుకగా చేసినది. 1988లో మినియాపోలిస్ నగరపు టెలివిజనున పుట్టిన ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’ ఆ వేడుకను ఇంటింటికి చేర్చినది. తూర్పు జర్మనీలో కుర్ట్ మేట్జిగ్ 1960లో తీసిన చిత్రము, అమెరికాలో 79 నిమిషములకు కుదింపబడి ‘ఫస్ట్ స్పేస్‌షిప్ ఆన్ వీనస్’ అను పేర వెలువడినది. ఆ కుదింపు ప్రతియే ఈ కార్యక్రమమున పరిహాసమునకు గురియైనది. ఆ హాస్యములో చమత్కారము కలదు, మేమును నవ్వితిమి. ఐనను, దానికి భిన్నముగా, బిల్ వారెన్ అనునాతడు 1982లోను 1986లోను రెండు సంపుటములుగా ప్రకటించిన ‘కీప్ వాచింగ్ ది స్కైస్!’ 1950-62 సంవత్సరముల అమెరికా వైజ్ఞానిక చిత్రములను ఒక్కొక్కటిగా పరామర్శించినది. అధమచిత్రమునకును ఆద్యంతములు, కర్తలు, పరిస్థితులు కలవని అతడెరుగును. చౌకపెట్టెను కొని సమీక్షకు పూనుకొను విద్యార్థి మెడ్వెడ్‌ల పుస్తకమును ప్రక్కనుంచి వారెన్ పుస్తకమును తెరచుట మంచిది. చిత్రమును చూచుచు, బొమ్మయొక్క రంగు మారినచోట, వెలుతురు దిక్కు మారినచోట, మాట పెదవినుండి తొలగినచోట గుర్తు పెట్టుకొనుచు పోవలెను. ప్రక్షిప్తమునకు ఛందస్సును భాషయు ఎట్లు సాక్ష్యమిచ్చునో, ఇచ్చట అవి యట్లు సాక్ష్యమిచ్చును.

‘ప్లనేతా బూర్’ తరువాత క్లుషాంత్సెవ్ ‘లూనా’ (1965), ‘మార్స్’ (1968) అను విజ్ఞానచిత్రములను తీసెను. కోర్మన్ కూర్పులు రెండును అమెరికా టెలివిజనులో ప్రసారమగుచున్న కాలమది. ‘టెర్మినేటర్ 2’ (1991) చిత్రపు దృశ్యమాయలకు ఆస్కారు పురస్కారము పొందినవారిలో ఒకడగు రాబర్ట్ స్కోటాక్, ఆ తొంబదులలో, అమెరికానుండి అతనిని వెదకికొని వెళ్లి, ఆ నీటిని, ఆ లావాను, ఆ భారరహితస్థితిని ఎట్లు సాధించితిరని అడిగి తెలిసికొనెను. క్లుషాంత్సెవ్ 1999లో మరణించెను. అతనిపై ‘ది స్టార్ డ్రీమర్’ అను డాక్యుమెంటరీ 2002లో వెలువడినది. మూలచిత్రమిపుడు అతని పేరుతోనే చూడ లభించుచున్నది. చౌకపెట్టెలోని ప్రతియందు దర్శకుని పేరు మాత్రము జాన్ సెబాస్టియన్ అనియే యున్నది.